ఫైబ్రోలామెల్లార్ కాలేయ క్యాన్సర్: తీసే భాగం కన్నా మిగిలే భాగమే లెక్క

క్లుప్తంగా: ఫైబ్రోలామెల్లార్ కార్సినోమా ఎక్కువగా కౌమార, యౌవన వయసుల్లో, అంతకుముందు కాలేయ జబ్బేదీ లేనివారిలో కనిపించే అరుదైన క్యాన్సర్. దీనికి నేటికీ శస్త్రచికిత్సే ప్రధాన వైద్యం. సాధారణ కాలేయ క్యాన్సర్ కోసం రూపొందిన కొలమానాలు దీనికి చాలావరకు పొసగవు. ఆపరేషన్ సాధ్యమా కాదా అన్నది కణితి ఎంత పెద్దదన్న దానికన్నా, దాన్ని తీసేశాక పనిచేసే కాలేయం ఎంత మిగులుతుంది, ఆ మిగిలిన దానికి రక్తం, పిత్తం సజావుగా నడుస్తాయా అన్నదానిపైనే ఎక్కువగా ఆధారపడుతుంది.

సిర్రోసిస్ లేని కాలేయంలో క్యాన్సర్

కాలేయ క్యాన్సర్ అనగానే మనసులో మెదిలే చిత్రం ఒకటుంది. హెపటైటిస్ వైరస్ వల్లనో, మద్యం వల్లనో, పేరుకున్న కొవ్వు వల్లనో ఏళ్ల తరబడి దెబ్బతిని గట్టిపడిన, అంటే సిర్రోసిస్ వచ్చిన కాలేయంలో, నడివయసు దాటాక పుట్టుకొచ్చే కణితి అది. వైద్యశాస్త్రంలో హెపటోసెల్యులార్ కార్సినోమా అని పిలిచే ఈ జబ్బే కాలేయంలో పుట్టే క్యాన్సర్లలో అత్యధికం కావడంతో, పరీక్షలు, దశల నిర్ధారణ, చికిత్స నిర్ణయాలు అన్నీ దాని చుట్టూనే అల్లుకున్నాయి. ఫైబ్రోలామెల్లార్ కార్సినోమా ఈ చిత్రంలో ఎక్కడా ఇమడదు. ఇది కాలేయ క్యాన్సర్లలో సుమారు ఒక శాతం మాత్రమే. రోగుల్లో ఎక్కువ మంది 10 నుంచి 35 ఏళ్ల మధ్య వయసువారు. వారిలో చాలామందికి వైరస్ ఉండదు, మద్యం అలవాటు ఉండదు, సిర్రోసిస్ ఉండదు.

ఈ చివరి అంశమే రోగ నిర్ధారణను ఆలస్యం చేస్తుంది, శస్త్రచికిత్సకు మాత్రం కలిసివస్తుంది. ఆరోగ్యంగా ఉన్న కాలేయానికి అవసరానికి మించిన సామర్థ్యం ఉంటుంది కాబట్టి, ఒక పక్క కణితి పెరుగుతున్నా మిగతా భాగం పని నెట్టుకొస్తుంది. సాధారణంగా కామెర్లు రావు, రక్త పరీక్షల్లో కాలేయ ఎంజైములు కొద్దిగా మాత్రమే మారతాయి. కడుపులో బరువుగా ఉండడం, ఆకలి మందగించడం, కారణం తెలియకుండా బరువు తగ్గడం వంటి లక్షణాలను ఇరవై ఏళ్ల వ్యక్తిలో ఎవరూ క్యాన్సర్‌తో ముడిపెట్టరు. అందువల్ల బయటపడేనాటికే కణితి పది సెంటీమీటర్లు దాటి ఉండడం సాధారణం. అయితే శస్త్రవైద్యుడి దృష్టిలో అదే ఆరోగ్యకరమైన కాలేయం పెద్ద వెసులుబాటు. సిర్రోసిస్ రోగిలో ఊహించలేనంత పెద్ద భాగాన్ని ఇక్కడ తీయవచ్చు.

ఈ జబ్బును 1956లో హ్యూ ఎడ్మండ్సన్ అనే పెథాలజిస్టు ఒక 14 ఏళ్ల బాలికలో తొలిసారి వర్ణించారు. ప్రత్యేకమైన వ్యాధిగా దీనికి గుర్తింపు రావడానికి 1980 దాకా పట్టింది. అసలు మూలం 2014లో తెలిసింది. 19వ క్రోమోజోమ్‌లో సుమారు నాలుగు లక్షల డీఎన్ఏ అక్షరాల పొడవున్న ముక్క ఒకటి తెగిపోయి, డీఎన్ఏజేబీ1 అనే జన్యువు మొదటి భాగం పీఆర్‌కేఏసీఏ అనే జన్యువుతో అతుక్కుపోతుంది. ఆ రెండో జన్యువు తయారుచేసేది కణాల్లో సంకేతాలను నడిపించే ప్రోటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైమును. అతుకు పడ్డాక ఆ ఎంజైము మోతాదు మించి పనిచేస్తూ కణాన్ని అదుపు తప్పిస్తుంది. ఈ పరిశోధనలో పాలుపంచుకున్న ఎలానా సైమన్ స్వయంగా పన్నెండేళ్ల వయసులో ఇదే క్యాన్సర్‌కు శస్త్రచికిత్స చేయించుకున్న వ్యక్తి. అప్పటికి ఆమె ఇంకా పాఠశాల విద్యార్థిని. ఈ అతుకు తల్లిదండ్రుల నుంచి సంక్రమించేది కాదు, ఒక కాలేయ కణంలో జీవితకాలంలో ఎప్పుడో జరిగిన పొరపాటు. కాబట్టి తోబుట్టువులకు కూడా వస్తుందేమోనన్న భయానికి సాధారణంగా ఆధారం లేదు.

నిర్ధారణ దగ్గరే మొదలయ్యే చిక్కు

కాలేయ క్యాన్సర్ అనుమానం వచ్చినప్పుడు మొదట చూసేవాటిలో, ఆ జబ్బులో తరచుగా పెరిగే ఒక ప్రోటీన్‌ను కొలిచే ఏఎఫ్‌పీ రక్త పరీక్ష ఒకటి. ఫైబ్రోలామెల్లార్ రోగుల్లో అత్యధికులకు అది మామూలుగానే ఉంటుంది. "ఏఎఫ్‌పీ బాగానే ఉంది" అన్న మాట ఇక్కడ ఊరట ఇవ్వవలసిన మాట కాదు. కొందరిలో రక్తంలో బి12 విటమిన్ స్థాయి విపరీతంగా పెరిగి కనిపిస్తుంది. కణితి ఆ విటమిన్‌ను పట్టి ఉంచే ప్రోటీన్‌ను తయారుచేయడమే అందుకు కారణం. అబ్బాయిల్లో అరుదుగా రొమ్ములు ఉబ్బడం తొలి లక్షణంగా కనిపించిన సందర్భాలు కూడా నమోదయ్యాయి. కణితిలోని అరోమటేజ్ ఎంజైము పురుష హార్మోన్‌ను ఈస్ట్రోజన్‌గా మార్చడం వల్ల అలా జరుగుతుంది.

స్కానింగ్‌లో మరో తికమక ఉంది. ఈ కణితి మధ్యలో తరచుగా నక్షత్రం ఆకారంలో ఒక మచ్చ కనిపిస్తుంది. యువతుల్లో తరచుగా కనిపించే, ఏ హానీ చేయని ఫోకల్ నాడ్యులార్ హైపర్‌ప్లేసియా అనే గడ్డలోనూ అచ్చం అలాంటి మచ్చే ఉంటుంది. రెండింటినీ వేరుచేయడంలో ఎంఆర్ఐ వివరాలు కీలకమవుతాయి. హాని లేని గడ్డలోని మచ్చ టీ2 అనే రకం ఎంఆర్ఐ చిత్రాల్లో సాధారణంగా తెల్లగా మెరుస్తుంది, క్యాన్సర్‌లోని పీచు మచ్చ ఎక్కువగా నల్లగా ఉంటుంది. క్యాన్సర్ మచ్చలో సున్నపు పొరలు పేరుకోవడం కూడా సామాన్యం. కాలేయ కణాలు పీల్చుకునే ప్రత్యేక కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీసిన చిత్రాల్లో హాని లేని గడ్డ ఆ మందును పట్టి ఉంచుతుంది, క్యాన్సర్ సాధారణంగా ఉంచదు. "హానిలేని గడ్డే, ఆరు నెలలకోసారి చూద్దాం" అన్న నిర్ణయానికి ముందు ఈ తేడాలన్నీ పరిశీలించవలసి ఉంటుంది. కేవలం అల్ట్రాసౌండ్ చూసి ఆ మాట అనడం తొందరపాటే.

బయాప్సీ ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే ఎర్రటి గరుకు కణద్రవ్యంతో నిండిన పెద్ద కణాలు, వాటి మధ్య సమాంతరంగా సాగే పీచు పట్టీలు కనిపిస్తాయి. అనుభవం ఉన్న పెథాలజిస్టుకు ఇది గుర్తుపట్టదగిన రూపమే. అరుదుగా వచ్చే జబ్బు కాబట్టి చాలా ప్రయోగశాలలకు ఆ అనుభవం దొరకదు. కణాలకు రంగు పట్టించి చూసే సీకే7, సీడీ68 అనే రంజన పరీక్షలు రెండూ పాజిటివ్‌గా రావడం నిర్ధారణకు బలమిస్తుంది. పైన చెప్పిన జన్యువుల అతుకు కోసం చేసే పరీక్ష దాదాపు తుది మాట. ఒక పెద్ద శస్త్రచికిత్స నిర్ణయం ఆ చిన్న ముక్క మీద ఆధారపడి ఉన్నప్పుడు, స్లయిడ్లను మరొక కేంద్రానికి పంపి రెండో అభిప్రాయం తీసుకోవడాన్ని అనుమానంగా కాక పద్ధతిగానే చూడాలి. చిత్రాల్లో స్పష్టత ఉండి, కణితి తీయడానికి వీలుగా ఉన్నప్పుడు కొన్ని బృందాలు బయాప్సీ లేకుండానే నేరుగా ఆపరేషన్‌కు వెళ్తాయి. సూది దారిలో కణాలు అంటుకుపోయే ముప్పు చిన్నదే అయినా పూర్తిగా లేకపోలేదు.

అరుదైనవన్నీ ఒక తాను ముక్కలు కావు

"అరుదైన కాలేయ క్యాన్సర్" అన్న ఒక్క పేరు కింద పూర్తిగా భిన్నమైన జబ్బులు చేరిపోవడం వల్ల, ఒకరి అనుభవం మరొకరికి దారి తప్పిస్తుంది. మూడేళ్ల లోపు పిల్లల్లో ఎక్కువగా వచ్చే హెపటోబ్లాస్టోమాలో ఏఎఫ్‌పీ చుక్కలనంటుతుంది, సిస్‌ప్లాటిన్ ఆధారిత కీమోథెరపీకి కణితి బాగా కుంచించుకుపోతుంది. కాబట్టి చాలా సందర్భాల్లో ముందు మందులు, తర్వాత కోత. ఎపితెలియాయిడ్ హీమాంజియోఎండోథెలియోమా అనే రక్తనాళాల కణితి కాలేయం రెండు వైపులా అనేక ముద్దలుగా వస్తుంది. అక్కడ కాలేయ మార్పిడి ఆమోదిత చికిత్స, కాలేయం వెలుపల కొద్దిగా వ్యాపించినా దాన్ని పూర్తిగా తోసిపుచ్చరు. అదే రక్తనాళాల నుంచి పుట్టే ఆంజియోసార్కోమాలో మార్పిడి చేయకూడదన్నది స్థిరపడిన నియమం. ఫైబ్రోలామెల్లార్ ఈ మూడింటికీ భిన్నం. మందులకు పెద్దగా లొంగదు, చాలా సందర్భాల్లో ఒకే పెద్ద ముద్దగా ఉంటుంది, కోతకు అనుకూలిస్తుంది. కాబట్టి నిర్ధారణ నివేదికలోని పూర్తి పేరు తెలియకుండా చికిత్సలను పోల్చి చూడడం వృథా ప్రయాస.

ఎంత తీయవచ్చన్నది ఎలా తేలుతుంది

పెద్దవారి కాలేయం కిలోంబావు నుంచి కిలోన్నర దాకా తూగుతుంది. నిమిషానికి సుమారు లీటరున్నర రక్తం దానిలోంచి పారుతుంది. అందులో సుమారు ముప్పాతిక వంతు పేగుల నుంచి వచ్చే పోర్టల్ సిర ద్వారా, మిగతాది కాలేయ ధమని ద్వారా చేరుతుంది. ఫ్రెంచ్ శస్త్రవైద్యుడు క్లాడ్ కూయినో 1950లలో కాలేయాన్ని ఎనిమిది భాగాలుగా విభజించి చూపారు. ప్రతి భాగానికి తనదైన ధమని, పోర్టల్ సిర కొమ్మ, పిత్తనాళం ఉండడం వల్ల, పక్క భాగాన్ని చంపకుండా ఒక భాగాన్ని విడదీయడం సాధ్యమవుతుంది. ఇప్పటి కాలేయ శస్త్రచికిత్స అంతా ఈ పటం మీదే నడుస్తోంది. కుడివైపు ఆపరేషన్ అంటే 5 నుంచి 8 వరకు భాగాలను తీయడం. నాలుగో భాగాన్నీ కలిపి తీస్తే అది విస్తృత కుడి ఆపరేషన్.

ఎంత మిగలాలన్నదానికి వాడుకలో ఉన్న హద్దులు ఇవి. కాలేయం పూర్తి ఆరోగ్యంగా ఉంటే పనిచేసే కాలేయంలో కనీసం 20 నుంచి 25 శాతం, చాలాకాలం కీమోథెరపీ తీసుకుని ఉంటే 30 శాతం, సిర్రోసిస్ ఉంటే 40 శాతం మిగలాలి. ఇక్కడ "పనిచేసే" అన్న విశేషణమే అసలు సంగతి. చాలామంది కంగారు పడేది దాన్ని గమనించకపోవడం వల్లే.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. సీటీ చిత్రాల నుంచి కొలిచినప్పుడు కాలేయం, కణితి కలిపి 2,400 మిల్లీలీటర్లు వచ్చిందనుకుందాం. అందులో కణితి ఒక్కటే 1,100. ఆపరేషన్ తర్వాత మిగలబోయే ఎడమ భాగం 450. పైపైన చూస్తే 2,400లో 450 అంటే 19 శాతం కూడా లేదు, హద్దుకు కిందే. కాని కణితి కాలేయం పని చేయదు. దాన్ని తీసివేస్తే పనిచేసే కాలేయం 1,300 మాత్రమే, అందులో 450 అంటే దాదాపు 35 శాతం. ఆరోగ్యకరమైన కాలేయంలో ఇది సౌకర్యవంతమైన అంకె. పైగా కుడివైపును కణితి నెమ్మదిగా ఆక్రమిస్తూ వచ్చిన కాలంలోనే ఎడమ భాగం దానంతటదే పెరిగి ఉంటుంది. అందుకే పదిహేను సెంటీమీటర్ల కణితి ఒక పక్కకు ఒదిగి ఉంటే తీయడం సాధ్యమవుతుంది. కాలేయ సిరలు మూడూ కలిసే చోట కూర్చున్న నాలుగు సెంటీమీటర్ల కణితి మాత్రం బృందాన్ని వారాల తరబడి ఆలోచనలో పడేస్తుంది.

పరిమాణంతో పాటు మిగిలే భాగానికి మూడు దారులు తెరిచి ఉండాలి: రక్తం లోపలికి వచ్చే దారి, బయటికి పోయే సిర, పిత్తం దిగే నాళం. వీటిలో ఏ ఒక్కటి మూసుకుపోయినా, తూకంలో ఎంత మిగిలినా ఆ కాలేయం పనికిరాదు. కణితి పిత్తనాళాన్ని నొక్కి కామెర్లు తెప్పించి ఉంటే, ముందుగా మిగలబోయే భాగం వైపు నాళంలో స్టెంట్ గాని గొట్టం గాని పెట్టి పిత్తాన్ని దించుతారు. పచ్చబడిన కాలేయం సరిగా పెరగదు.

మిగిలేది చాలనప్పుడు

హద్దుకు దిగువన ఉన్నా దారి మూసుకుపోయినట్టు కాదు. కాలువకు ఒకవైపు తూము మూస్తే నీరంతా రెండోవైపు పొలానికి మళ్లినట్టు, తీయబోయే వైపు పోర్టల్ సిర కొమ్మను చర్మం గుండా పంపిన సన్నని గొట్టంతో మూసివేస్తే, పేగుల రక్తమంతా మిగలబోయే వైపుకు వెళ్తుంది. ఆ రక్తంలో ఉండే పెరుగుదల సంకేతాలతో నాలుగు నుంచి ఆరు వారాల్లో ఆ భాగం పెద్దదవుతుంది. 1980లలో జపాన్ శస్త్రవైద్యులు ప్రాచుర్యంలోకి తెచ్చిన ఈ పద్ధతి నేడు సర్వసాధారణం. ఇది పరీక్షగా కూడా ఉపయోగపడుతుంది. ఇన్ని వారాలు గడిచినా పెరగని కాలేయం ఆపరేషన్ తర్వాత కూడా పెరగదని ముందే హెచ్చరించినట్టే. అవసరమైతే అదే వైపు కాలేయ సిరను కూడా మూసి పెరుగుదల వేగం పెంచుతారు.

2012లో వెలుగులోకి వచ్చిన ఆల్ప్స్ అనే రెండంచెల ఆపరేషన్‌లో పోర్టల్ కొమ్మను కట్టడంతో పాటు కాలేయాన్ని మధ్యకు చీల్చి, ఒకటి రెండు వారాల తర్వాత మళ్లీ కడుపు తెరిచి కణితి ఉన్న భాగాన్ని తీస్తారు. పెరుగుదల చాలా వేగంగా ఉంటుంది, కాని చిక్కులూ ఎక్కువే. మిగిలిన దారులు మూసుకుపోయినప్పుడు, వయసులో ఉన్న రోగుల్లో, ఎంపిక చేసిన కేంద్రాలు మాత్రమే దీన్ని ఆశ్రయిస్తున్నాయి.

ఈ ఎదురుచూపు వారాలు కుటుంబాలకు వైద్యపరమైన నిర్లక్ష్యంగా తోచడం సహజం. "క్యాన్సర్ అని చెప్పి నెలన్నర ఆగమంటారేమిటి?" అన్న ప్రశ్న ప్రతిచోటా వినిపిస్తుంది. ఏళ్లపాటు పెరిగిన కణితి ఆ ఆరు వారాల్లో చేసే హాని కన్నా, చాలినంత కాలేయం లేకుండా చేసిన ఆపరేషన్ తెచ్చే ముప్పు చాలా పెద్దది.

శస్త్రచికిత్స గదిలో

కాలేయ ఆపరేషన్ అంటే ఒకప్పుడు రక్తస్రావమే ప్రధాన భయం. దాన్ని తగ్గించిన పద్ధతుల్లో పాతది 1908 నాటిది. గ్లాస్గో శస్త్రవైద్యుడు జేమ్స్ ప్రింగిల్ పేరు మీద పిలిచే ఈ పద్ధతిలో, కాలేయంలోకి వెళ్లే ధమని, పోర్టల్ సిర రెండింటినీ కలిపి బిగిస్తారు. పదిహేను నిమిషాలు బిగించి అయిదు నిమిషాలు వదిలే లెక్కన కాలేయం దెబ్బతినకుండా పని సాగుతుంది. రెండో పద్ధతి అనస్థీషియా వైద్యుడి చేతిలో ఉంటుంది. సెలైన్ తక్కువగా ఇచ్చి పెద్ద సిరల్లో పీడనాన్ని కావాలనే దించి ఉంచితే, కాలేయ సిరల నుంచి వెనక్కి ఎగదన్నే రక్తం తగ్గుతుంది. శబ్ద తరంగాలతో కాలేయ కణజాలాన్ని చెదరగొట్టి నాళాలను మాత్రం మిగిల్చే పరికరంతో వాటిని ఒక్కొక్కటిగా పట్టి మూస్తూ పోతారు. కోతకు ముందు కాలేయం మీదే అల్ట్రాసౌండ్ పెట్టి చూడడం వల్ల సీటీలో కనబడని చిన్న ముద్దలు కొన్నిసార్లు బయటపడతాయి, దాంతో అక్కడికక్కడే ప్రణాళిక మారవచ్చు. ఈ సంగతి ముందే చెప్పి ఉంచితే తర్వాత అపార్థాలు తగ్గుతాయి.

ఫైబ్రోలామెల్లార్‌కే ప్రత్యేకమైన అంశం లింఫ్ గ్రంథులు. సాధారణ కాలేయ క్యాన్సర్ లింఫ్ గ్రంథులకు పాకడం తక్కువ, కాబట్టి ఆ ఆపరేషన్లలో వాటిని మామూలుగా ముట్టుకోరు. ఈ క్యాన్సర్‌లో కాలేయ ద్వారం దగ్గరి గ్రంథులకు వ్యాపించడం తరచుగా కనిపిస్తుంది, రోగుల్లో గణనీయమైన వాటాలో శస్త్రచికిత్స నాటికే అవి ప్రభావితమై ఉంటాయి. అందుకే కణితితో పాటు ఆ గ్రంథులను కూడా పద్ధతిగా తొలగించాలని ఈ జబ్బుతో అనుభవం ఉన్న బృందాలు చెబుతాయి. సాధారణ కాలేయ క్యాన్సర్ అలవాటుతో గ్రంథులను వదిలేస్తే, రెండో ఆపరేషన్ అదే మచ్చకట్టిన చోట చేయవలసి వస్తుంది. ఆపరేషన్ ముందు శస్త్రవైద్యుడిని అడగదగిన ప్రశ్నల్లో, గ్రంథులను కూడా తీస్తారా అన్నదానికన్నా ఉపయోగకరమైనది లేదనవచ్చు. కాలేయ ఆపరేషన్లు తరచుగా చేసే కేంద్రాల్లో ఫలితాలు మెరుగ్గా ఉంటాయన్న సాధారణ సూత్రం ఇక్కడ మరింత గట్టిగా వర్తిస్తుంది.

మొదటి అయిదు రోజులు

ఆపరేషన్ తర్వాత అసలు పరీక్ష గాయానిది కాదు, మిగిలిన కాలేయానిది. రక్తం గడ్డకట్టే శక్తిని చూపే ఐఎన్ఆర్, కామెర్లను చూపే బిలిరుబిన్ రెండూ మొదటి రెండు మూడు రోజులు పెరగడం ఆశించినదే. అయిదో రోజుకు అవి దిగుముఖం పట్టాలి. అయిదో రోజునో ఆ తర్వాతనో రెండూ పెరుగుతూనే ఉంటే దాన్ని కాలేయ వైఫల్యంగా లెక్కించాలని 2011లో అంతర్జాతీయ బృందం ఒకటి నిర్వచించింది. రోజూ ఆ అంకెలనే చూస్తూ కూర్చునే బంధువులకు, రెండో రోజు పెరుగుదల చూసి భయపడనక్కరలేదన్న సంగతి ఎవరైనా ముందే చెప్పడం మంచిది. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోవడం మాత్రం విచిత్రంగా శుభసూచకం. కాలేయం తిరిగి పెరుగుతోందనడానికి అది సూచన, అయినా తగ్గినదాన్ని సెలైన్ ద్వారా భర్తీ చేస్తారు.

ఐఎన్ఆర్ పెరిగింది కాబట్టి రక్తం పలచబడిందనుకోవడం మరో పొరపాటు. గడ్డకట్టించే ప్రోటీన్లతో పాటు గడ్డను అడ్డుకునే ప్రోటీన్లు కూడా కాలేయంలోనే తయారవుతాయి, రెండూ కలిసే తగ్గుతాయి. అందుకే ఐఎన్ఆర్ ఎక్కువగా ఉన్నా, కాళ్లలోనూ ఊపిరితిత్తుల్లోనూ గడ్డలు రాకుండా హెపారిన్ జాతి ఇంజెక్షన్లు ఇస్తారు. నొప్పి మందుల మోతాదు కూడా మిగిలిన కాలేయాన్ని బట్టి తగ్గుతుంది. కోత అంచు నుంచి పిత్తం కారడం తరచుగా ఎదురయ్యే చిక్కుల్లో ఒకటి. డ్రెయిన్ గొట్టంలో వచ్చే ద్రవంలో బిలిరుబిన్, రక్తంలోని దానికి మూడు రెట్లు దాటితే లీకు ఉన్నట్టు. చాలావరకు గొట్టాన్ని మరికొన్నాళ్లు ఉంచితేనే మానుతుంది. ఇంటికి పంపేటప్పుడు కూడా గొట్టం ఉండడం విఫలమైన ఆపరేషన్‌కు గుర్తు కాదు.

మతిమరుపు, మాట తడబడడం, పగలు నిద్ర ముంచుకురావడం కనిపిస్తే అమోనియా పరీక్ష అడగాలి. ఈ క్యాన్సర్ ఉన్న కొందరిలో సిర్రోసిస్ లేకపోయినా, కాలేయ వైఫల్యం లేకపోయినా అమోనియా ప్రమాదకరంగా పెరుగుతుంది. కణితి ప్రభావంతో అమోనియాను యూరియాగా మార్చే ప్రక్రియ దెబ్బతినడం అందుకు కారణం. ఆపరేషన్‌కు ముందు కూడా ఇలా జరగవచ్చు. ఆందోళన వల్లనో మత్తు మందుల వల్లనో అని కొట్టిపారేస్తే కోమా దాకా పోవచ్చు.

మిగిలిన భాగం పెరగడం గంటల్లోనే మొదలవుతుంది, ఎక్కువ పెరుగుదల మొదటి కొన్ని వారాల్లోనే జరుగుతుంది. తీసేసిన భాగాలు మళ్లీ మొలవవు. ఉన్న భాగమే ఉబ్బి పాత బరువుకు దగ్గరవుతుంది. నీరసం మాత్రం రెండు మూడు నెలలు వదలదు.

మార్పిడి ఎందుకు మొదటి దారి కాదు

కాలేయ క్యాన్సర్‌లో మార్పిడికి 1996లో మిలాన్ బృందం పెట్టిన హద్దులు ప్రసిద్ధమైనవి: అయిదు సెంటీమీటర్లకు మించని ఒక్క కణితి, లేదా ఒక్కొక్కటి మూడు సెంటీమీటర్లకు మించని, మూడు దాకా కణితులు. ఇవి సిర్రోసిస్ రోగుల కోసం పెట్టినవి. ఫైబ్రోలామెల్లార్ కణితుల్లో అధికభాగం బయటపడేనాటికే ఈ కొలత దాటి ఉంటాయి కాబట్టి, ఆ హద్దులు ఇక్కడ అర్హతను గాని అనర్హతను గాని నిజాయితీగా చెప్పలేవు. మార్పిడికి వ్యతిరేకంగా ఉన్న అసలు వాదన వేరు. సిర్రోసిస్‌లో మార్పిడి కణితితో పాటు పాడైన కాలేయాన్నీ తీసేస్తుంది. ఇక్కడ మిగతా కాలేయం బాగానే ఉంది, ముప్పు ఉన్నది లింఫ్ గ్రంథుల్లోనూ ఇతర చోట్లా దాగిన కణాల నుంచి. వాటిని మార్పిడి తొలగించలేదు, పైగా ఆ తర్వాత జీవితాంతం వాడే మందులు రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. కణితి కాలేయానికే పరిమితమై, కోసి తీయడం అసాధ్యమైనప్పుడు మాత్రం ఇది చర్చకు వస్తుంది.

తిరగబెట్టే స్వభావం, మందుల పరిస్థితి

కణితిని పూర్తిగా తీయగలిగిన రోగుల్లో సగానికి పైగా అయిదేళ్లు దాటి జీవిస్తున్నట్టు పలు కేంద్రాల అనుభవం చెబుతోంది. అదే సమయంలో సగానికి పైగా రోగుల్లో జబ్బు ఎక్కడో ఒకచోట తిరగబెడుతోంది. ఈ రెండు వాక్యాలు పరస్పర విరుద్ధం కావు. తిరిగి వచ్చిన ముద్దలను మళ్లీ కోసి తీయడం ఈ జబ్బులో సాధారణ వ్యూహం, ఒకే వ్యక్తికి కొన్నేళ్ల వ్యవధిలో రెండు మూడు ఆపరేషన్లు జరిగిన ఉదాహరణలు తక్కువేమీ కావు. అందువల్ల మొదటి రెండేళ్లు మూడు నాలుగు నెలలకోసారి, ఆ తర్వాత ఎడం పెంచుతూ ఛాతీ, కడుపు స్కాన్లు తీస్తారు. ఏఎఫ్‌పీ ఇక్కడా ఉపయోగపడదు. ఆపరేషన్‌కు ముందు బి12 ఎక్కువగా ఉన్నవారిలో మాత్రం అది పడిపోయి తిరిగి పెరగడం ఒక సూచన కావచ్చు.

ఆపరేషన్ తర్వాత నివారణగా ఇచ్చే కీమోథెరపీ లాభం చేకూరుస్తుందని నిరూపణ కాలేదు. సాధారణ కాలేయ క్యాన్సర్‌కు వాడే మాత్రలు ఇక్కడ నిలకడైన ఫలితం చూపలేదు. మూలం తెలిసినా నేరుగా దాన్ని ఆపే మందు ఎందుకు రాలేదన్న ప్రశ్నకు సమాధానం ఆ ఎంజైము స్వభావంలోనే ఉంది. ప్రోటీన్ కైనేజ్-ఏ గుండెతో సహా దాదాపు అన్ని అవయవాల్లోనూ అవసరం, అతుకు పడ్డ రూపాన్ని మాత్రమే పట్టుకుని మామూలు రూపాన్ని వదిలేసే రసాయనాన్ని తయారుచేయడం కష్టం. అందుకే కొన్ని బృందాలు మరో దారి పట్టాయి. ఆ అతుకు దగ్గర ఏర్పడే ప్రోటీన్ ముక్క శరీరంలో మరెక్కడా ఉండదు కాబట్టి, దాన్ని పరాయిదిగా గుర్తించేలా రోగనిరోధక కణాలకు నేర్పే టీకాను ఇమ్యునోథెరపీ మందులతో కలిపి ప్రయోగిస్తున్నాయి. ఇవి ఇంకా తొలి దశ పరీక్షలే.

ఇలాంటి పరీక్షల్లో చేరే అవకాశం ఆపరేషన్ రోజు తీసుకునే ఒక చిన్న నిర్ణయం మీద కూడా కొంత ఆధారపడి ఉంటుంది. తీసిన కణితి అంతా మామూలుగా ఫార్మలిన్ అనే నిల్వ ద్రావణంలోకి వెళ్తుంది. రోగ నిర్ధారణకు అది చాలు, అతుకు పరీక్షను అలా నిల్వచేసిన మైనపు దిమ్మెల నుంచి తర్వాత కూడా చేయవచ్చు. కాని జీవించి ఉన్న కణాలు కావలసిన పరిశోధనకు, తాజా కణజాలం అడిగే కొన్ని జన్యు పరీక్షలకు అది పనికిరాదు. ఒక ముక్కను తాజాగా ఉంచాలన్నా, వెంటనే అతిచల్లగా గడ్డకట్టించి భద్రపరచాలన్నా శస్త్రవైద్యుడు, పెథాలజిస్టు, కణజాల నిల్వ కేంద్రం ముందుగానే మాట్లాడుకుని ఉండాలి, రోగి సంతకం ఆపరేషన్‌కు ముందే తీసుకోవాలి. ఆపరేషన్ తేదీ ఖరారైన రోజే ఆ మాట ఎత్తితే ఏర్పాట్లకు సమయం ఉంటుంది.